అప్పు పుస్తకం, పట్టా పుస్తకం

  ప్రపంచ అభివృద్ధి విధానాలు స్త్రీ పురుష సమానత్వానికి ఎంతవరకు తోడ్పడ్డాయన్నది ఈ సదస్సులో మన చర్చనీయాంశం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆడవాళ్ల శ్రమనూ పొదుపునూ వాడుకోవడంలో ఈ విధానాలు చూపిన చొరవ, వాళ్లకు ఆస్తి దక్కేలా చేయడంలో చూపలేదు.

1970లో డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్టర్ బోసెరప్ తన పుస్తకంలో ఆఫ్రికా వ్యవసాయం గురించి ఒక చేదు నిజం చెప్పారు. అక్కడ చాలా ప్రాంతాల్లో సేద్యం ఆడవాళ్లది. వలస పాలకులు తెచ్చిన కొత్త పనిముట్లు, శిక్షణ, వాణిజ్య పంటలు మాత్రం మగవాళ్ల చేతికి వెళ్లాయి. అభివృద్ధి వచ్చిన చోటే స్త్రీ వెనకబడింది. ఆ తర్వాత కదలిక మొదలైంది. 1973లో అమెరికా పెర్సీ సవరణ ద్వారా తన విదేశీ సహాయంలో స్త్రీలకు చోటు కల్పించాలంది. 1975లో మెక్సికో నగరంలో ఐక్యరాజ్యసమితి తొలి ప్రపంచ మహిళా మహాసభ జరిగింది. 1995లో బీజింగ్‌లో 189 దేశాలు కార్యాచరణ ప్రణాళికకు తలూపాయి.

అయితే చోటివ్వడం వేరు, వాటా ఇవ్వడం వేరు. ఆడవాళ్ల చేతికి డబ్బిస్తే పిల్లల తిండికీ చదువుకూ చేరుతుందని, కిస్తీ తప్పకుండా తిరిగొస్తుందని దాతలు గ్రహించారు. స్త్రీ మీద పెట్టుబడి లాభసాటి అనే వాదం బలపడింది. లాభం చూపిస్తేనే హక్కు దక్కుతుందన్న షరతు ఆ వాదంలోనే ఉంది.

దీని మంచీ చెడూ ఆంధ్రప్రదేశ్‌లో మనం కళ్లారా చూశాం. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో మొదలైన వెలుగు పథకం పొదుపు సంఘాలను గ్రామ, మండల సమాఖ్యలుగా మలిచింది. బ్యాంకు మెట్లెక్కని ఆడవాళ్లు మేనేజరు ఎదుట కూర్చుని లెక్క అడిగే స్థితికి వచ్చారు. ఇది చిన్న మార్పు కాదు. కానీ సంఘంలో సభ్యులు ఒకరికొకరు పూచీ పడే కట్టుబాటునే ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు వసూళ్లకు వాడుకున్నాయి. 2010లో వాటిని అదుపు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

సంఘం సభ్యురాలి ఇంట్లో బీరువా తెరిస్తే తరచుగా రెండు పుస్తకాలు కనిపిస్తాయి. సంఘం పుస్తకంలో పొదుపు, అప్పు, వాయిదా అన్నీ ఆమె పేరిటే. పట్టాదారు పాసుపుస్తకం మీద ఫోటో ఆయనది. నాట్లు, కలుపు, కోత ఆమె చేసినా పంట రుణానికి, నష్టపరిహారానికి రైతు ఆయనే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతదారుల్లో స్త్రీలు దాదాపు 14 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకు హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో సమాన వాటా 1985 సెప్టెంబరు నుంచే ఉంది. దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు 2005లో వచ్చింది. అయినా "కట్నం ఇచ్చాం కదా" అన్న ఒక్క మాటతో ఆ చట్టాన్ని గడప బయటే నిలబెడుతున్నాం.

ఇక కాలం సంగతి. 2019 జాతీయ సర్వేలో ఇంటి చాకిరీ చేసేవాళ్లు దానికి రోజూ వెచ్చించే సమయం స్త్రీలకు సగటున 299 నిమిషాలు, పురుషులకు 97 అని తేలింది. పథకం పేరిట జరిగే ప్రతి మీటింగూ, శిక్షణా, బ్యాంకు పనీ దానిపైన అదనమే.

2015లో ఆమోదించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో ఐదోది భూమి మీద స్త్రీ హక్కునూ, జీతం లేని ఇంటి పనినీ పేరుపెట్టి ప్రస్తావించింది. కాబట్టి కాగితం మీద కొరత లేదు, కొలిచే తీరులోనే ఉంది. ఎందరికి రుణమిచ్చాం, ఎంత వసూలైంది అన్నవే నేటికీ విజయ సూచికలు. ఇక్కడ చదవబోయే ప్రతి పత్రమూ తాను పరిశీలించిన పథకాన్ని రెండు ప్రశ్నలు అడగాలని నా విన్నపం. దానివల్ల ఏ ఆస్తి ఆమె పేరిట నమోదైంది? ఆమె పనిగంటలు ఎన్ని తగ్గాయి? రెండింటికీ జవాబు లేని పథకం మంచి రుణ పథకం కావచ్చు. దాన్ని సమానత్వం ఖాతాలో వేయవద్దు.

తొలి పత్రసమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.