మూసిన తలుపుల నడుమ ఆడిన ఆట



కీర్తిశేషులైన క్రీడాచార్యుని పేర జరుగు ఈ వార్షికోపన్యాసమున, ఒక పాఠశాల జట్టు చరిత్రను చెప్పబూనిన నేను, గెలిచిన కప్పులను వల్లించి దిగిపోవుట సులభమే. కాని అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమున యేసుసభ గురువులు నడపు జెసూట్ హైస్కూలు బాలుర బాస్కెట్‌బాల్ జట్టు విషయమున నాకట్లు చేయ మనసొప్పదు. ఏలయన, వారి ఆటలలో నాకు అన్నిటికంటె స్మరణీయమని తోచినదానిని చూచుటకు ప్రేక్షకుడొక్కడును రానీయబడలేదు.

ఆ పాఠశాల 1847లో స్థాపితమై, 1926లో కారొల్టన్ అవెన్యూకు తరలినది. బాస్కెట్‌బాల్ ఆట వయసున ఆ పాఠశాలకంటె చిన్నది. 1891 డిసెంబరులో, మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డులో, చలికాలమున కుర్రవాండ్రను భవనములోపలనే ఆడింపవలసివచ్చిన జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు పీచ్ పండ్ల బుట్టలు రెండింటిని వ్యాయామశాల బాల్కనీకి కొట్టించెను. బుట్టలకు అడుగుండుటచే బంతి పడినపుడెల్ల నిచ్చెన యెక్కి తీయవలసివచ్చెడిది! నాలుగు గోడలు చాలిన ఆట యిది; గోడలున్నచోట తలుపులుండును, తలుపులున్నచోట గడియలునుండును.

న్యూ ఆర్లియన్స్ ఉన్న లూసియానా రాష్ట్రపు శాసనసభ 1956లో శ్వేతజాతివారును నల్లజాతివారును కలిసి ఆడరాదని చట్టము చేసెను. జోసెఫ్ డార్సీ అను ముష్టియోధుడు న్యాయస్థానమునకెక్కగా, 1959లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ చట్టము చచ్చినది. అయినను చట్టముతోపాటు అలవాటు చావదు. మరుసటి యేటనే, ఆరేండ్ల రూబీ బ్రిడ్జెస్ ఫెడరల్ మార్షలుల కాపలాలో బడికి పోవలసిన నగరమది. 1962లో అగ్రపీఠాధిపతి జోసెఫ్ రమ్మెల్ కతోలిక పాఠశాలల తలుపులు అన్నిజాతుల పిల్లలకును తెరిపించి, ఎదిరించిన ముగ్గురిని శ్రీసభనుండి వెలివేసెను. ఆ యేడే జెసూట్ హైస్కూలులోను నల్లజాతి బాలురు చేరిరి.

అదే నగరమున, 1951లో జోసెఫైట్ సభ గురువులు నల్లజాతి బాలురకై నెలకొల్పిన సెయింట్ ఆగస్టిన్ పాఠశాల కలదు. జెసూటును సెయింట్ ఆగస్టినును రెండును కతోలిక పాఠశాలలే, రెండింటి జట్లును గట్టివే. అయినను రాష్ట్ర క్రీడాసంఘము సెయింట్ ఆగస్టిన్‌ను చేర్చుకొనకుండుటచే, ఆ రెండు జట్లును బహిరంగముగా తలపడు త్రోవ లేకపోయెను. 1965లో అవి రహస్యముగ తలపడినవి. ప్రేక్షకులు లేరు, పత్రికలవారు లేరు; బూట్ల కిచకిచయు, బంతి నేల తాకు చప్పుడును, ఈలయు తప్ప జేజేలు లేవు.

చట్టము చచ్చి ఆరేండ్లయినపుడు ఈ దాపరికమెందుకు? భయము వీథిని గూర్చినదేగాని న్యాయస్థానమును గూర్చినది కాదు. పిల్లలను ఆడనిచ్చిన పెద్దలను నేను మెచ్చుకొందును. తలుపులు మూసిన పెద్దలును వారే యగుటచే ఆ మెప్పు సగముకడనే ఆగిపోవును. అంతకంటె కఠినముగ తీర్పు చెప్పుటకు, నాటి వీథులలో నిలువని నాకు అధికారము లేదు.

సెయింట్ ఆగస్టిన్ పూర్వవిద్యార్థియగు హెరల్డ్ సిల్వెస్టర్ కథ వ్రాయగా, ఈ ఆట 1999లో ‘పాసింగ్ గ్లోరీ’ అను చలనచిత్రమై టెలివిజనులో ప్రదర్శితమైనది. కాని గడియ తీసినది సినిమా గాదు, వ్యాజ్యము: క్రీడాసంఘముపై సెయింట్ ఆగస్టిన్ వేసిన దావాలో 1967లో ఫెడరల్ న్యాయస్థానము దానిని సభ్యునిగా చేర్చుకొనుమని ఆజ్ఞాపించెను. అటుతరువాత ఆ రెండు పాఠశాలలును ఒకే కతోలిక లీగులో, జనసమక్షమున, అందరును టికెట్టు కొని చూచునట్లు ఆడుచున్నవి.