ఎలుక బుట్టలును కాలి చెప్పులును



పూర్వము వేటకాండ్రలో ఒక వాదముండెడిది. మృగము మనుష్యుని వాసన పసికట్టి తొలగిపోవును గనుక, కాలికేది తొడిగిన వాసన తక్కువ నిలుచునని వారి విచారము. వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధమయ్యెను. అయినను కోనసీమ వరిచేలలో ఎలుక బుట్టలు పెట్టునపుడు అదే సందేహము పుట్టును: చెప్పుల వాసన తగిలిన బుట్టలో ఎలుక పడునా?

అరికాలిలో చెమట గ్రంథులు దట్టముగా నుండును. చర్మముపైనుండు సూక్ష్మజీవులు ఆ చెమటను మార్చినప్పుడు వాసన పుట్టును. తోలు చెప్పు దానిని పీల్చుకొని దాచును. రబ్బరు బూటు అంతగా పీల్చదు. కాబట్టి బూటు వలన కాలి వాసన కొంత తగ్గుట నిజమే. అయితే నలిగిన గడ్డియు, కదలిన మన్నును తమ వాసనను వెలువరించుచునే యుండును; దేహమునుండి చర్మపు పొట్టు రాలుచునే యుండును. బూట్లవాని జాడనైనను కుక్క పట్టగలుగుట ఇందువలననే.

ఇక ఎలుక సంగతి. అది గాదె క్రిందను, కొబ్బరి మొవ్వులోను, చేనిగట్టులోను మనుష్యుని నడుమనే పెరిగినది; అతని వాసనకు బెదరదు. దానికి భయము క్రొత్త వస్తువనిన. నిన్న లేని బుట్ట నేడు దారిలో కనబడిన, కొన్ని రాత్రులు ప్రక్కగా తప్పుకొని పోవును. ఆ రాత్రులలో ఖాళీ బుట్టను చూచి చెప్పులను నిందించుట తగదు. రెండు మూడు రాత్రులు ఉచ్చు బిగింపక, ఎర మాత్రముంచి, ఎలుక అలవాటుపడిన పిమ్మట బిగింపవలెను. ఎలుక పడిన బుట్టను సబ్బుతో కడుగ నక్కరలేదు. తోటి ఎలుక వాసన తక్కినవానిని రప్పించును. దానిని పట్టు చేతికి మాత్రము రబ్బరు తొడుగుండవలెను.

సాయంకాలము కన్నములన్నియు మట్టితో మూసి, మరునాడు తెరచియున్నవాని యొద్దనే బుట్ట పెట్టవలెను. ప్రక్క చేనివారును కలియనిచో ఎలుకలు గట్టు దాటి మరల వచ్చును. వరి చిరుపొట్టకు రాకమునుపే ఈ పని ముగియవలెను.

వట్టి కాళ్లతో దిగుటవలన లాభము లేకపోగా ప్రాణాపాయము కలదు. ఎలుక మూత్రములోని లెప్టోస్పైరా అను సూక్ష్మజీవి తడిమంటిలోను, నిలువనీటిలోను వారములకొలది బ్రతికి, కాలి పగుళ్లగుండ రక్తమున చేరును. జపాను వైద్యులు ఇనాడా, ఇడో అనువారు 1915 ప్రాంతమున దీనిని కనుగొనిరి. జ్వరము, పిక్కల నొప్పి, కండ్లెరుపు తొలి చిహ్నములు. ముదిరిన కామెర్లును, మూత్రపిండములకు చేటును కలుగును. తొలినాళ్లలో మందు పడిన నయమగును గనుక, బురదలో పనిచేసిన మాట వైద్యునికి తప్పక చెప్పవలెను. ఇది గాక, ఎలుక వెంట నాగుపాము, కట్లపాము, రక్తపింజరి కన్నములలో దూరియుండుటయు కలదు.

కావున కాలి గాయమునకు కట్టు కట్టి, పిక్కలవరకు వచ్చు రబ్బరు బూట్లు తొడిగియే చేలో దిగవలెను. బుట్ట పెట్టువాడు తరచుగా కూలివాడే గాని భూమిగల రైతు కాడు. ఆ బూట్లు రైతే కొని యిచ్చుట న్యాయము.