కంప్యూటరుతో పాటు లైసెన్సు కూడా

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్వయం ఉపాధి కింద మన సొసైటీ చేసే సాయంలో కుట్టు మిషన్లు, తోపుడు బండ్లతో పాటు ఇప్పుడు కంప్యూటర్లు కూడా చేరాయి. డిగ్రీ పూర్తి చేసి, ఉంగుటూరులోనే జిరాక్సు షాపో, ఆన్‌లైన్ సెంటరో పెట్టుకుంటామనే పిల్లలు అడుగుతున్నారు. మామిడి కమీషన్ వ్యాపారంలో తండ్రికి లెక్కలు రాసిపెట్టే పిల్లలూ అడుగుతున్నారు. ఉపాధ్యాయులం కనుక ఆ అర్జీలు చూసే పని మాకు అప్పగించారు. ఆ పనిలో మా దృష్టికి వచ్చిన ఒక విషయం దాతల ముందు ఉంచడానికే ఈ నాలుగు మాటలు.

అర్జీతో జతచేసే కొటేషన్లలో మానిటర్ ఉంటుంది, ప్రింటర్ ఉంటుంది, యూపీఎస్ ఉంటుంది, చివరికి మౌస్ కింద వేసే ప్యాడ్ కూడా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అనే వరుస మాత్రం ఉండదు. అడిగితే, "అదంతా షాపువాళ్లే ఫ్రీగా వేసిస్తారండీ మాస్టారూ" అంటారు. ఫ్రీ అనే ఆ ఒక్క మాట కింద రెండు వేర్వేరు సరుకులు దొరుకుతున్నాయి. తయారుచేసినవాళ్లే ఉచితంగా వాడుకోమని ఇచ్చినది ఒకటి. అమ్మకానికి పెట్టినదాని తాళం పగలగొట్టి ఎక్కించిన క్రాక్ కాపీ రెండోది. మొదటిది నిశ్చింతగా వాడుకోవచ్చు. రెండోది మన దాతల డబ్బుతో కొన్న పెట్టెలో ఉండకూడదు.

చట్టం సంగతి ముందు చెబుతాము. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములకూ వర్తిస్తుంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడితే, 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. లాభం కోసమో వ్యాపారంలోనో వాడకపోతే జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు ఉంది. షాపు నడిపే పిల్లవాడికి ఆ వెసులుబాటు వర్తించదు. అతనికి మనం చేసేదే వ్యాపారం కోసం సాయం.

ధర్మం సంగతీ ఆలోచించాలి. అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన 5వ సమావేశంలో రచన, ఆవిష్కరణ, వ్యాపార నామం వంటి హక్కులను ఆస్తి హక్కులుగానే గుర్తించింది. వాటిని అతిక్రమించకూడదని తీర్మానించింది. హలాల్ సంపాదన కోసం ఒక కుటుంబానికి మనం వేసే మొదటి మెట్టే సందేహంతో ఉంటే ఎలా?

ఇక పనిలో వచ్చే నష్టం. మాకు తెలిసిన ఒక పిల్లవాడి షాపులో క్రాక్ ఎక్కించేటప్పుడు యాంటీవైరస్ ఆపేశారు. మళ్లీ ఎవరూ పెట్టలేదు. కాలేజీ అడ్మిషన్ల రోజుల్లో ఒక పొద్దున ఫైళ్లన్నీ తాళం పడిపోయి, డబ్బు కడితేనే తెరుస్తామని తెరమీద రాత వచ్చింది. ఆ కంప్యూటర్లో ఊరివాళ్ల ఆధార్ కాపీలు, పాస్‌బుక్కులు, పిల్లల సర్టిఫికెట్లు ఉన్నాయి. మూడు రోజులు షాపు మూతపడింది. గిరాకీ తర్వాత మెల్లగా తిరిగివచ్చింది గానీ, నమ్మి కాగితాలు ఇచ్చినవాళ్లకు జవాబు చెప్పడానికి ఆ కుటుంబం పడ్డ అవస్థ మేము కళ్లారా చూశాము. నలుగురి కాగితాలు మన దగ్గర ఉన్నాయంటే అవి అమానత్. వాటిని కాపాడేది ఆ షాపువాడి మంచితనం ఒక్కటే అనుకుంటే చాలదు.

లైసెన్సు అంటే ఏమిటో మన నూజివీడు ప్రాంతం వాళ్లకు చెప్పడం తేలిక. తోటలో కాపు కొన్న వ్యాపారికి కాయ కోసుకునే హక్కు వస్తుంది. చెట్టు కొట్టే హక్కు రాదు, పక్క తోటలో దిగే హక్కూ రాదు. ఎన్నేళ్ల కాపు, ఎన్ని ఎకరాలు అన్నది మాట్లాడుకున్నదాన్ని బట్టి. సాఫ్ట్‌వేర్ కూడా అంతే. మనం కొనేది వాడుకునే హక్కు.

ఆ హక్కుల్లో రకాలున్నాయి. ఓఈఎం అని కొత్త కంప్యూటర్‌తో వచ్చే లైసెన్సు సాధారణంగా ఆ పెట్టెకే కట్టుబడి ఉంటుంది; పెట్టె పాడైతే దానితోనే పోతుంది. విడిగా కొన్న రిటైల్ లైసెన్సును చాలా సందర్భాల్లో ఒక యంత్రం నుంచి తీసి మరో యంత్రంలో వేసుకోవచ్చు. చందా పద్ధతి ఏడాది కౌలు లాంటిది. కట్టినంత కాలమే సాగుతుంది. ఇక ఒకేసారి కొన్నదానికీ కాలం తీరుతుంది. విండోస్ 10కు, ఆఫీస్ 2016, 2019లకు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ చవకగా వస్తోందని కొనేముందు ఈ తేదీ గుర్తుంచుకోవాలి.

ఇంకొక సూక్ష్మం. "హోమ్ అండ్ స్టూడెంట్" పేరుతో అమ్మిన ఆఫీస్ ప్యాకేజీ ఇంటికీ చదువుకీ మాత్రమే. షాపులోనే కాదు, మనలాంటి ధార్మిక సంస్థ ఆఫీసులో వాడటానికీ అది కుదరదని దాని షరతుల్లోనే ఉంది. డబ్బు పెట్టి అసలుదే కొన్నా, చోటు మారితే తప్పే అవుతుంది.

మరి ఏది ఎంచుకోవాలి? ఉత్తరాలు, అర్జీలు, బయోడేటాలు, చిన్న లెక్కలు, ఇవే పనులైతే లిబ్రే ఆఫీస్ చాలు. సన్ కంపెనీ 2000లో బయటపెట్టిన ఓపెన్ ఆఫీస్ నుంచి విడివడి, 2010 సెప్టెంబరు 28న డాక్యుమెంట్ ఫౌండేషన్ పేరుతో స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని మొదలుపెట్టారు. ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా, వ్యాపారానికి వాడినా రూపాయి కట్టనక్కర్లేదు. మెనూలు తెలుగులో కూడా వస్తాయి. పొరుగున కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు చాలా ఏళ్లుగా ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మన తెలుగువాళ్లలోనూ హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లైనక్స్‌ను తయారుచేసింది.

ఇబ్బందులు లేవని మేము అనము. వర్డ్‌లో చేసిన ఫైలు ఇక్కడ తెరిస్తే కొన్నిసార్లు పట్టికలు, మార్జిన్లు జరుగుతాయి. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ షాపుకు వచ్చేవాళ్లు కోరల్‌డ్రా ఫైళ్లే తెస్తారు. అటువంటి షాపు పెట్టేవాడికి ఆ ఖర్చు పెట్టుబడిలోనే లెక్క కట్టాలి, యంత్రం కొన్నట్టే దాన్నీ కొనాలి. తెలుగు టైపింగు మాత్రం మొదటి నుంచీ యూనికోడ్‌లో అలవాటు చేయాలి. అను ఫాంట్లలో కొట్టిన దాతల జాబితా, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. పేరు పెట్టి వెతకడమూ కుదరదు. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, గిడుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

జీఎస్టీ బిల్లులు, స్టాకు, బాకీలు రాసే కొట్టుకు లెక్కల సాఫ్ట్‌వేర్ కొనడమే మంచిది. 1986లో బెంగళూరులో పుట్టిన ట్యాలీ మన ఆడిటర్లందరికీ తెలిసినది, నేర్చుకున్న పిల్లలూ దొరుకుతారు. ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయతు అప్పు లావాదేవీలు రాసి ఉంచుకోవడం గురించినదేనని మనకు తెలుసు. సీజన్‌లో రైతుకు ఇచ్చిన అడ్వాన్సు, లోడుకు రావలసిన బాకీ నమోదయ్యే చోట దొంగ కాపీ ఉంటే, అది ఆగిపోయిన రోజు ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పే దిక్కుండదు.

అందుకే అర్జీ వచ్చినప్పుడు మేము నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాము. బిల్లు ఎవరి పేరున వస్తుంది? ఎన్ని యంత్రాలకు, ఏ పనికి అనుమతి ఉంది? రెండో ఏడాది చందా ఎవరు కడతారు? రేపు వేరేదానికి మారాలంటే మన లెక్కలు బయటికి తీసుకోవచ్చా? వీటిలో మూడోది దాతలు ప్రత్యేకంగా గమనించాలి. మొదటి ఏడాది చందా మనం కట్టి చేతులు దులుపుకుంటే, రెండో ఏడాదికి ఆ సాయమే అతనికి భారమవుతుంది. కట్టలేక మళ్లీ క్రాక్ దగ్గరికే వెళతాడు.

కనుక దాతలకు మా మనవి ఇది. ఇకమీదట ఒక పిల్లవాడికి కంప్యూటర్ ఇస్తే, కొటేషన్‌లో సాఫ్ట్‌వేర్ వరుస తప్పనిసరిగా ఉండాలి. ఉచితమైనదైతే దాని పేరు రాయాలి. కొన్నదైతే లబ్ధిదారు పేరున బిల్లు ఉండాలి. బ్యాకప్ కోసం ఒక బయటి హార్డ్‌డిస్కు, వారం రోజుల శిక్షణ కూడా ఆ సాయంలోనే కలపాలి. శిక్షణకు డబ్బు అక్కర్లేదు. సెలవుల్లో ఆ పని మేమూ మా తోటి ఉపాధ్యాయులూ చేస్తాము. మన సొసైటీ ఆఫీసు కూడా ఇదే నియమం పాటించాలి. గూగుల్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు రిజిస్టరైన ధార్మిక సంస్థలకు విడిగా ఉచిత, రాయితీ పథకాలు ఇస్తున్నాయి. రిజిస్ట్రేషన్ పత్రాలతో దరఖాస్తు చేసుకోవాలని కార్యవర్గాన్ని కోరుతున్నాము.

ఇలా చేస్తే అదే మొత్తంతో ఇచ్చే కంప్యూటర్ల సంఖ్య ఒకటో రెండో తగ్గవచ్చు. తగ్గినా, ఇచ్చిన ప్రతిదీ ఎవరు వచ్చి తనిఖీ చేసినా తల ఎత్తుకుని చూపించగలిగేదిగా ఉంటుంది. ఆ షాపు బోర్డు కింద కూర్చున్న పిల్లవాడికి తన పని మీద తనకు గౌరవం ఉంటుంది.

మీరు ఇచ్చే ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించి, మీ సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక.