ఆపరేషను అయిన తరువాత
(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల మీద మాట్లాడమంటే గంటసేపు మాట్లాడగలను. కార్యదర్శి గారు ఈసారి ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను, ముప్పై అయిదేళ్లు గుమాస్తాగా పనిచేసిన వాడిని. అందుచేత కళ్లారా చూసినదే మనవి చేస్తాను.

2019లో మా రెండో అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. బరువు 2 కిలోల 800 గ్రాములు. పుట్టిన కొద్ది గంటలకే పెదవులు, గోళ్లు నీలంగా మారాయి. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులు తారుమారుగా ఉన్నాయని పరీక్షలో తేలింది. ఒంట్లోంచి వచ్చిన చెడు రక్తం తిరిగి ఒంటికే, ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం తిరిగి ఊపిరితిత్తులకే పోతుందన్నమాట. కవర్ల మీద చిరునామాలు తారుమారైన టపా వంటిది. వెయ్యిమంది పిల్లల్లో ఎనిమిది, తొమ్మిది మంది ఏదో ఒక గుండె లోపంతో పుడతారట. మాకు ఆనాటిదాకా తెలియదు.

తల్లిని కాన్పయిన ఆసుపత్రిలోనే ఉంచి, పసిబిడ్డను నేనూ, అల్లుడూ అంబులెన్సులో హైదరాబాదు తీసుకుపోయాం. ఆరో రోజున ఆపరేషను చేశారు. ధమనులు రెండూ కోసి, వాటి వాటి చోట్ల అతికిస్తారు. గుండెకే రక్తం అందించే సన్నని నాళాలను కూడా మార్చి కుడతారు. దీన్ని మొట్టమొదట విజయవంతంగా చేసినది బ్రెజిల్ డాక్టరు అడిబ్ జటేనె, 1975లో.

ఆపరేషను బాగా జరిగిందని సర్జను గారు చెప్పగానే నేను బంధువులందరికీ ఫోన్లు చేసి, గండం గడిచిందన్నాను. అక్కడే పొరబడ్డాను. అద్దంలోంచి చూస్తే పిల్ల రొమ్ము ఇంకా మూయలేదు, పైన పల్చని పొర కప్పి ఉంది. గుండె వాచి ఉంటుంది, వెంటనే మూస్తే ఇరుకై కొట్టుకోలేదు, వాపు తగ్గాక మూస్తామన్నారు. మూడో రోజున మూశారు.

ఆ పిల్ల ఒంట్లో రక్తమంతా కలిపినా పావు లీటరు ఉండదు. అందుకని పరీక్షకు తీసే రక్తానికీ లెక్కే, ఎక్కించే మందుకూ లెక్కే, వచ్చే మూత్రానికీ లెక్కే. నర్సు గంట గంటకూ పట్టికలో రాసేది. మన ఆఫీసుల్లో క్యాషు పుస్తకం కూడా అంత శ్రద్ధగా రాయలేదని ఒప్పుకుంటున్నాను.

నాలుగో రోజున నాకు లోపలికి వెళ్లే వంతు వచ్చింది. కొంచెం జలుబుగా ఉన్నా చెప్పలేదు. జేబులో గుడి విభూతి ఉంది. చేతులు తడిపామనిపించి లోపలికి పోయి, పక్కదుప్పటి మీద చెయ్యి వేశాను. నర్సు చూసి, "తాతగారూ, బయటికి రండి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి" అన్నది. నాకు రోషం వచ్చింది. "నీ వయసుకంటే నా సర్వీసు ఎక్కువమ్మా" అన్నాను. ఆమె బదులు చెప్పలేదు. వెళ్లి కుళాయి తిప్పి నిలబడింది.

ఆరో రోజున పిల్లకు జ్వరం. రక్తంలో ఇన్ఫెక్షను అన్నారు. అప్పటికే తీసేసిన వెంటిలేటరు మళ్లీ పెట్టారు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేమనీ, లోపల ఉన్న గొట్టాల వల్ల కూడా రావచ్చుననీ డాక్టరు గారు అన్నారు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. నేనూ ఆ దుప్పటి సంగతి ఇంట్లో చెప్పలేదు. ఈ రోజు మీ ముందు చెబుతున్నాను.

దేవుడి దయవల్ల, వాళ్ల శ్రమవల్ల జ్వరం తగ్గింది. అప్పటికి అమ్మాయి కూడా వచ్చింది. పిండిన తల్లిపాలు ముక్కులోని సన్నని గొట్టం ద్వారా మూడు గంటలకొకసారి 2 మిల్లీలీటర్లతో మొదలుపెట్టారు. తరువాత నోటితో తాగడం నేర్పారు. నాలుగు గుక్కలకే చెమటలు పట్టి నిద్రపోయేది. బరువు పెరగడం మొదలయ్యాక, ఇరవై ఆరో రోజున ఇంటికి పంపారు.

ఇంటికి వచ్చాక అసలు పరీక్ష మన పెద్దవాళ్లకే. చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు, రొమ్ము ఎముక అతుక్కునేదాకా ఆరు వారాలు తల కింద, పిరుదుల కింద చేతులు పెట్టి ఎత్తాలి. గాయం మీద నూనె, నలుగు పనికిరావు. సాంబ్రాణి పొగ వద్దు. మా ఆవిడ చాలా బాధపడింది, కానీ పాటించింది. ఉయ్యాల వేడుక నాలుగు నెలలు వాయిదా వేశాం. కొందరు బంధువులు నిష్ఠూరమాడారు. ఆడనిచ్చాం.

సోదరులారా! ఇటువంటి కష్టం ఏ ఇంట వచ్చినా, ఆపరేషను అయిందనగానే పండ్ల బుట్టలతో బయలుదేరకండి. రక్తం కావాలంటే ఇంట్లో కుర్రవాళ్లను పంపండి. కాగితాల పని, క్యాంటీను పని మీరు చూడండి. జలుబు ఉంటే ఉందని చెప్పి బయటే కూర్చోండి. చిన్నదైనా సరే, నర్సు చెప్పిన మాట వినండి.

మా మనుమరాలు ఇప్పుడు బడికి పోతున్నది. ఏటేటా గుండె డాక్టరుకు చూపిస్తున్నాం, ఇకముందూ చూపించాలి.

డిశ్చార్జి రోజున ఆ నర్సమ్మకు నమస్కారం పెడదామని వెతికాను. ఆ రోజు ఆమెకు డ్యూటీ లేదు. ఆ బాకీ అలాగే ఉండిపోయింది.