రైతు బోరుకూ లాగు రాయాలి

 

తెలుగు నేలలో భూవిజ్ఞానం ఇంధనాన్ని వెతుకుతూ పెరిగింది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించిన నాటి నుంచి గోదావరి లోయ పొరపొరా మనకు తెలుస్తూ వచ్చింది. 1969లో భద్రాచలం ప్రాంతంలో, 2024 డిసెంబరులో ములుగులో భూమి కంపించినప్పుడు అక్కడి భ్రంశాల గురించి మనం ధైర్యంగా మాట్లాడగలిగామంటే, అందులో బొగ్గు అన్వేషణ చేసిన మేలు చాలా ఉంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాసు బావులకు లాగులు, అంటే ఏ లోతులో ఏమి తగిలిందో చెప్పే పట్టీలు, రాస్తారు, శిలానమూనాలు దాస్తారు. సంతోషమే.

మరి రైతు వేయించే బోరు సంగతేమిటి? అప్పు చేసి, మెట్ట చేలో వందల అడుగుల రాయిని తొలిపిస్తున్నాడు. కంప్రెసర్ గాలికి పైకొచ్చిన రాతిపొడి గట్టున పోగుపడి తొలి వానకు కొట్టుకుపోతోంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంతకు మించిన విజ్ఞాన నష్టం మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అనంతపురం జిల్లాలో ఒక డ్రిల్లరు ఉండేవాడు. తెల్లగా వస్తున్న పొడి గోధుమరంగుకు తిరగ్గానే వేళ్ల మధ్య నలిపి, పగులు దగ్గరపడిందనేవాడు. ఆ లోతులు, ఆ రంగులు రాసి పంపితే, ఫారంలో వాటికి గడి లేదని పై ఆఫీసు తిప్పి పంపింది. ఆ గడి నేటికీ రాలేదు.

ఉపగ్రహ చిత్రాలు చూసి జిల్లాకో జలపటం గీసే మిత్రులు ఈ సభలోనే ఉన్నారు. ఆ చిత్రాల్లో పగుళ్ల జాడగా కనిపించే లీనియమెంటు గీత కింద నీరుంటుందని వారి నమ్మకం. ఆ గీత మీద వేసి ఎండిపోయిన బోర్ల లెక్క పక్కన పెట్టనిదే ఆ పటాన్ని నేను ఒప్పుకోను. ఇంకా లోతుకు పొమ్మని సలహా ఇచ్చేవారికీ ఒక మాట. గ్రానైటులో లోతు పెరిగేకొద్దీ నీరిచ్చే పగుళ్లు తగ్గుతాయని హైదరాబాద్ దగ్గరి మహేశ్వరంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. పైగా రాతితో నీరు ఎంత ఎక్కువకాలం ఉంటే ఫ్లోరైడ్ అంతగా కరుగుతుంది. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ బయటపడింది. నల్గొండ ఫ్లోరైడ్ బాధ గురించి మీకు చెప్పనక్కర్లేదు. ఏ లోతు పగులు నుంచి ఏ నీరు వస్తోందో తెలియకుండా ఊరికి మంచినీటి బోరు ఎక్కడ వేయమని చెబుతాం?

ఇది తెలుసుకోవడానికి కోట్లు అక్కర్లేదు. రిగ్గు బిల్లులో డ్రిల్లింగు అడుగులు, కేసింగు అడుగులు విడిగా ఉంటాయి. కేసింగు దిగినంత మేరా దాదాపుగా మెత్తబడిన రాయే. అంటే రైతు దాచుకున్న బిల్లే మనకు తొలి లాగు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) రిగ్గుల నమోదు ఎలాగూ తప్పనిసరి చేసింది. ఆ నమోదుకు బోరుకో పేజీ జోడించండి: చోటు, కేసింగు లోతు, పొడి రంగు మారిన లోతులు, నీరు తగిలిన లోతు. ఎండిన బోరుకూ రాయించండి. ఆ పేజీలను బీరువాల్లో తాళం వేయక, జిల్లా కేంద్రంలో అందరికీ అందుబాటులో ఉంచండి. ఈ వివరాలు సేకరించడానికి ఎమ్మెస్సీ విద్యార్థులను పొలాలకు పంపండి.

ఈ సదస్సు చేసే తీర్మానాల్లో ఇది మొదటిది కావాలని అధ్యక్షుడిగా కోరుతున్నాను.