కంపెనీ సామానా, బయటి సామానా?

కారు షెడ్డులో జాకీ మీద నిలిచి ఉన్నది. చక్రము ఊడదీసి ప్రక్కన పెట్టినారు. మెకానిక్ చేతులు గుడ్డతో తుడుచుకొనుచు యజమాని వైపు తిరిగి, ‘‘సార్, కంపెనీది వేయమంటారా, బయటిది వేయమంటారా?’’ అని అడుగును. కారు గల ప్రతి ఇంటివారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురగు ప్రశ్న ఇది. సమాధానము చెప్పుటకు దొరకు వ్యవధి అర నిమిషము. ఆ సమయమున యజమానికి తెలిసిన సంగతి ఒక్కటే, రెండింటి ధరలలోని తేడా. కొందరు డబ్బు చూచుకొని బయటిదే చాలునందురు. కొందరు భయపడి కంపెనీదే వేయుమందురు. ఈ రెండు సమాధానములును ఒక్కొక్కప్పుడు ఒప్పు, ఒక్కొక్కప్పుడు తప్పు. ఎప్పుడు ఏది ఒప్పో ఈ ప్రసంగములో కొంత విచారింతము.

మొదట ఒక మాటను గూర్చి చెప్పవలసి ఉన్నది. కార్ల కంపెనీ పెట్టెలో రాని ప్రతి వస్తువును ‘డూప్లికేటు’ అనుట మనకు అలవాటైనది. ఇది అన్యాయము. బయటి సామానులో రెండు జాతులు కలవు. తన పేరు, తన చిరునామా తన పెట్టె మీద అచ్చువేసికొని, తన వస్తువును తనదిగానే అమ్ముకొను తయారీదారు ఒకడు. ఇతరుల పేరును దొంగిలించి, వారి పెట్టెవంటి పెట్టెలో తన వస్తువును దాచి అమ్మువాడు మరొకడు. మొదటివాడు వ్యాపారి, రెండవవాడు దొంగ. ఇద్దరిని ఒకే మాటతో పిలుచుట వలన మనము మొదటివానిని అనవసరముగా శంకించుచున్నాము, రెండవవానిని గుర్తింపలేకున్నాము.

అసలు ‘కంపెనీ సామాను’ అను దానిని తయారుచేయునది ఎవరు? కారుమీద పేరున్న కంపెనీ దానిలోని ప్రతి వస్తువును స్వయముగా చేయదు. టైరు సంగతి చూడుడు. కార్ల కంపెనీలు టైర్లు తయారుచేయవు. సంగారెడ్డి దగ్గర సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. వారి కర్మాగారమున్నది. ఆ కంపెనీ టైరు కొత్త కారుతోను వచ్చును, వీధిలోని దుకాణములోను దొరకును. ‘‘ఇది కార్ల కంపెనీ టైరేనా?’’ అని మనలో ఎవ్వరును అడుగరు. బ్యాటరీ సంగతియు అంతే. తిరుపతి దగ్గర కరకంబాడిలో వెలసిన అమరరాజా సంస్థ కార్ల కంపెనీలకు బ్యాటరీలు సరఫరా చేయుచున్నది. ‘అమరాన్’ అను పేరుతో దుకాణములలోను అమ్ముచున్నది. 1951లో మైకో అను పేరుతో ఆరంభమై నేడు బాష్ అను పేరుతో నడుచుచున్న సంస్థ, 1961లో మద్రాసులో పుట్టిన లూకాస్ టి.వి.ఎస్., ఆ మరుసటి సంవత్సరము పుట్టిన బ్రేక్స్ ఇండియా, ఇవన్నియు కార్ల కంపెనీలకు భాగములను అందించుచు, తమ పేరుతో బజారులోను అమ్ముకొనుచున్నవి.

అయినను, ఒకే కర్మాగారములో పుట్టినంత మాత్రమున రెండు పెట్టెలలోని వస్తువులును ఒక్కటే యని ఘంటాపథముగా చెప్పరాదు. కార్ల కంపెనీ తన కారు బరువును, వేగమును లెక్కకట్టి, ఇంత గట్టిదనము, ఇంత మందము కావలెనని కొలతలిచ్చి చేయించుకొనును. బజారు కొరకు చేయునది పలు కార్లకు సరిపడునట్లు చేసినదై ఉండవచ్చును. అందుచేత పేరుగల తయారీదారుని వస్తువును నమ్మవచ్చును గాని, ఏ చోట నమ్మవలెనో చూచుకొని నమ్మవలెను.

ఆ చోటు ఏదో తెలిసికొనుటకు మేమొక కొలబద్ద చెప్పుదుము. ఈ వస్తువు దారిలో విఫలమైనచో ఏమి జరుగును? వైపరు రబ్బరు చినిగినచో అద్దము మసకబారును. బండి ప్రక్కకు తీసి ఆపుకొందుము. బ్రేకు విఫలమైనచో ఆపుకొనుటకే వీలుండదు.

బ్రేకు ప్యాడు చూచుటకు అతి సామాన్యమైన వస్తువు. ఒక ఉక్కు పలక, దాని మీద లోహపు పొడిని, నారను, మరికొన్ని పదార్థములను రెసిన్ అను జిగురుతో కలిపి, వేడిలో అదిమి అతికించిన పొర. ఇది తిరుగుచున్న డిస్కును ఒరసి, బండి వేగమును వేడిగా మార్చును. బ్రేకు చేయు పని యంతయు ఇదియే. ఇప్పుడు తిరుమల కొండ దిగుచున్న ఒక కారును తలచుకొనుడు. 1944లో తెరచిన పాత ఘాటు రోడ్డే నేడు దిగువాండ్రకు దారి. కొండ మీది ఊరికిని క్రింది ఊరికిని ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. ఎక్కునప్పుడు ఇంజను పెట్రోలు కాల్చి ఆ ఎత్తును సంపాదించినది. దిగునప్పుడు ఆ శక్తి యంతయు ఎక్కడికో పోవలెను గదా! లెక్క కట్టి చూచినచో, గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు అదే కారును 49 మార్లు పూర్తిగా ఆపుటకు ఎంత శక్తిని హరింపవలెనో, ఈ ఒక్క దిగుడులో అంత శక్తిని హరింపవలెను. తక్కువ గేరులో దిగు నేర్పరి డ్రైవరు ఆ భారములో మంచి భాగము ఇంజను మీద వేయును. గేరు మార్చక, కాలు బ్రేకు మీదనే ఉంచి దిగువాని విషయములో దాదాపు అంతయు ఆ పొరల మీదనే పడును.

పొర మితిమీరి వేడెక్కినప్పుడు దానిలోని రెసిన్ నుండి వాయువులు వెలువడి, పట్టు సడలును. పెడలు గట్టిగానే ఉండును, బండి మాత్రము ఆగదు. మంచి తయారీదారు తన మిశ్రమమును ఆ వేడికి తట్టుకొనునట్లు చేసి, పరీక్షించి, ఆ తరువాతనే అమ్మును. దొంగ సామాను చేయువాడు పరీక్ష చేయడు. ఉక్కు పలకకు రంగు మాత్రము చక్కగా వేయును. ఒక్కొక్కప్పుడు పొర పలకనుండి ఊడి వచ్చుటయు కలదు. చదునైన ఊరి వీధులలో ఆ ప్యాడు ఆరు నెలలు బాగుగానే పనిచేయవచ్చును. దాని గుణము బయటపడునది కొండ దిగునాడు, కుటుంబమంతయు కారులో ఉన్ననాడు. కావున బ్రేకులు, స్టీరింగునకు సంబంధించిన భాగములు, ఎయిర్ బ్యాగు, సీటు బెల్టు, వీనియందు బేరము వలదు. ఎయిర్ బ్యాగును, సీటు బెల్టును కార్ల కంపెనీ పెట్టెలోనే తీసికొనవలెను. బ్రేకు ప్యాడును, కార్ల కంపెనీలకు సరఫరా చేయుచున్న తయారీదారునిదైనచో, ఆ కారునకే ఉద్దేశించిన నంబరు చూచి, తెలిసిన దుకాణములో కొనవచ్చును.

బ్రేకు ఆయిలు కూడ ఇందులోనిదే. డాట్ 3 రకము కొత్తదిగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ లోపున మరుగరాదని, డాట్ 4 రకము 230 లోపున మరుగరాదని ప్రమాణము. ఇది గాలిలోని తేమను పీల్చుకొను ద్రవము. నీరు పట్టిన తరువాత ఆ కనీసపు హద్దులు 140కి, 155కి దిగిపోవును. మన కోస్తా జిల్లాల గాలిలో ఈ సంగతి మరచుట మంచిది కాదు. మూత తీసి నెలల తరబడి ఉంచిన డబ్బాలోని ఆయిలు, దాని మీద ఎంత గొప్ప పేరున్నను, పనికిరాదు.

ప్రాణము తరువాత చూడవలసినది కూలి. క్లచ్ ప్లేటు మార్చవలెనన్న గేరుబాక్సు దింపవలెను. ప్లేటులో వెయ్యి రూపాయలు మిగుల్చుకొని, అది ఏడాది తిరుగకుండ అరిగిపోయినచో, గేరుబాక్సు దింపిన కూలి మరల ఇచ్చుకొనవలెను. టైమింగ్ బెల్టు కథ ఇంతకంటె గడ్డు. అది తెగినచో, అనేక ఇంజనులలో పిస్టనులు పైకి వచ్చి, తెరచియున్న వాల్వులను కొట్టి వంచివేయును. అప్పుడు పోవునది బెల్టు కాదు, ఇంజను. విప్పుట కష్టమైన చోట వస్తువు మంచిదై ఉండవలెనని మెకానిక్కులే చెప్పుదురు. ఈ విషయములో వారి మాట వినవలసినదే.

ఆయిల్ ఫిల్టరు విషయములో కన్ను మోసపోవును. పై డబ్బా అచ్చముగా ఒక్కటే. లోపల కాగితము మడతలు ఎన్ని ఉన్నవో, కాగితము మూసికొనిపోయినప్పుడు ఆయిలును దాటించు వాల్వు ఉన్నదో లేదో, కోసి చూచిన గాని తెలియదు. ధరలోని తేడా మాత్రము, ఇంజను ఖరీదుతో పోల్చినచో, చెప్పుకొనదగినది కాదు.

ఇక బయటి సామాను నిశ్చింతగా కొనదగిన చోట్లు చాలనే కలవు. వైపరు బ్లేడ్లు, ఎ.సి. గాలి ఫిల్టరు, మ్యాట్లు, హారను, బంపరు మీది ప్లాస్టిక్ పట్టీలు, ఇత్యాదులు. వీనికి కంపెనీ ముద్ర కొరకు రెట్టింపు ధర ఇచ్చుట మాకు వివేకముగా తోచదు. హెడ్‌లైటు బల్బు విషయములో మాత్రము వాట్లు చూడవలెను. 60, 55 వాట్ల బల్బు ఉండవలసిన చోట 100, 90 వాట్ల బల్బు పెట్టినచో వెలుగు పెరుగును నిజమే. హోల్డరు కరగును, వైర్లు మాడును. ఎదుటివాని కండ్లకు కలుగు బాధ సరేసరి.

ఇంత చెప్పినందుకు అసలు సామాను దోషరహితమని శ్రోతలు తలపరాదు. జపాను దేశపు తకాటా సంస్థ ఎయిర్ బ్యాగులు దొంగ సామాను కావు. ప్రపంచములోని పెద్ద పెద్ద కార్ల కంపెనీలు వానిని స్వయముగా బిగించి అమ్మినవే. వానిని ఉబ్బించుటకు వాడిన అమ్మోనియం నైట్రేటు, ఏండ్ల తరబడి ఎండకు, తేమకు లోనై చెడిపోగా, ఎయిర్ బ్యాగు తెరచుకొనుటకు బదులు దాని లోహపు పాత్ర పగిలి ముక్కలు ఎగిరినవి. ప్రాణములు పోయినవి. ఒక్క అమెరికాలోనే దాదాపు 6 కోట్ల 70 లక్షల ఎయిర్ బ్యాగులను మార్చుటకు వెనుకకు పిలిచినారు. 2017లో ఆ సంస్థ దివాలా తీసినది. మన దేశములోను కార్లను వెనుకకు పిలిచి ఉచితముగా మార్చినారు. పాత కారు కొన్నవారు చాసిస్ నంబరు చెప్పి, అటువంటి పిలుపు ఏదైన మిగిలియున్నదేమో డీలరు వద్ద విచారించుట మంచిది. అసలు సామానులోని మేలు అది ఎన్నడును చెడదని కాదు. చెడినప్పుడు జవాబు చెప్పవలసినవాడెవడో తెలియును, ఎవరి కారులో ఉన్నదో పట్టీ ఉండును.

మరి కంపెనీ సామాను అంత ప్రియమెందుకు? దీనికొక చరిత్ర ఉన్నది. విడిభాగములను బయటి దుకాణములకు, బయటి మెకానిక్కులకు అందనీయకుండ కట్టడి చేయుచున్నారని వచ్చిన ఫిర్యాదు మీద, కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు మొత్తము 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. ఆ ఉత్తర్వుపై అప్పీళ్ళు నడచినవి. కాని అందులో సామాన్యునకు పనికివచ్చు ఒక మాట ఉన్నది. బయటి మెకానిక్ వద్ద పని చేయించినంత మాత్రమున వారంటీ మొత్తముగా రద్దగునను షరతు పెట్టరాదని కమిషన్ ఆదేశించినది. బయట వేయించిన వస్తువు వలననే చెడిపోయినదని తేలినచో ఆ నష్టము మనదే, అది న్యాయమే.

కంపెనీయే తయారీ మానివేసిన కార్ల మాట వేరు. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో నిలిచిపోయినది. దానిని ప్రేమతో కాపాడుకొనుచున్నవారికి బయటి సామాను, పాత సామాను, లేతు పనివాని చేయి, ఇవే దిక్కు. విజయవాడ ఆటోనగరులో అరిగిన బుష్ చూచి, కొలత తీసి, సాయంత్రమునకు క్రొత్తది త్రిప్పి ఇచ్చు పనివాండ్రున్నారు. వారి సామానును డూప్లికేటనుటకు మాకు నోరు రాదు.

కొనునప్పుడు చేయవలసిన పనులు కొన్ని కలవు. సికింద్రాబాదు రాణీగంజులో కొన్నను, మీ ఊరి బస్టాండు ప్రక్కన కొన్నను, జి.ఎస్.టి. బిల్లు అడుగుడు. బిల్లులో తయారీదారుని పేరు, భాగము నంబరు వ్రాయించుడు. దొంగ సామాను అమ్మువాడు ఈ రెండవ కోరికతోనే ముఖము చాటువేయును. ఇతరుల ట్రేడ్‌మార్కు దొంగిలించిన వస్తువులను అమ్ముటకు 1999 నాటి చట్టము ప్రకారము ఆరు నెలల నుండి మూడు సంవత్సరముల వరకు జైలుశిక్ష ఉన్నదని అతనికిని తెలియును. మెకానిక్ తానే సామాను తెచ్చినచో, అతనికి దుకాణము కొంత కమీషను ఇచ్చుట వాడుక, దానిని తప్పుపట్టనక్కరలేదు. బిల్లును, విప్పిన పాత భాగమును మాత్రము మీ చేతికి ఇమ్మనుడు. వాయిదాల మీద కొన్న కారుతో రోజు కూలి సంపాదించుకొను క్యాబు డ్రైవరునకు మనకంటె ఈ బిల్లు అవసరము ఎక్కువ. సామాను మూడవ నాడు చెడినచో అతడు కోల్పోవునది సామాను ధర ఒక్కటే కాదు, ఆ దినపు సంపాదన కూడను.

ఇంకొక చిన్న పని ఉన్నది. క్రొత్త వస్తువు బిగించిన తరువాత ఖాళీ పెట్టె షెడ్డు మూలన పడియుండును. చినుగని అసలు పెట్టెలను పాత సామానులవాని వద్ద ఏరికొని, వానిలో దొంగ సరుకు నింపి, మరల బజారునకు ఎక్కించువారు కలరు. ఇంటికి పోవుటకు ముందు ఆ పెట్టెను చేతికి తీసికొని, ముద్ర ఉన్నచోట అడ్డముగా చించివేయుడు.