చట్టానికి మార్కులు, అమలుకు మార్కులు
(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



పాఠం చెప్పడం ఒక ఎత్తు, పిల్లవాడు నేర్చుకున్నాడో లేదో తెలుసుకోవడం మరో ఎత్తు. ఉపాధ్యాయులుగా మాకిది రోజూ అనుభవమే. పొగాకు నియంత్రణలో దేశాల పరిస్థితీ ఇంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం 2005లో అమలులోకి వచ్చింది. 2008 నుండి ఆ సంస్థ ప్రతి దేశాన్నీ ఆరు అంశాలలో పరిశీలిస్తోంది. అవి: వాడకంపై సర్వేలు, పొగరహిత ప్రదేశాలు, మానాలనుకునేవారికి సహాయం, హెచ్చరికలు, ప్రకటనల నిషేధం, పన్నులు. గ్రేడులు చాలావరకు చట్టంలో ఏముందో చూసి ఇచ్చేవే. అందుకే పొగరహిత ప్రదేశాల చట్టం నిజంగా పాటిస్తున్నారా అని ఆ దేశపు నిపుణులను అడిగి, పదికి విడిగా మార్కులు వేయిస్తారు.

ఆరు అంశాలలోనూ అత్యున్నత స్థాయి అందుకున్న మొదటి దేశం టర్కీ. అక్కడ పొగతాగే పెద్దలు 2008లో 31.2 శాతం, 2012లో 27.1 శాతం. కానీ తర్వాత ఆ సంఖ్య మళ్ళీ పెరిగింది. ఒకసారి ఫస్టు వచ్చిన పిల్లవాడు పుస్తకం మూసేస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

మన దేశంలో పొగాకు వాడే పెద్దలు 2009-10లో 34.6 శాతం ఉంటే, 2016-17లో 28.6 శాతానికి తగ్గారు. ఇది సంతోషించదగినదే. అయితే విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మరాదని 2003 చట్టం చెబుతోంది. ఒక సాయంత్రం మేము మా బడి గేటు నుండి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాం. నిషేధమని రాసిన బోర్డు గోడకే ఉంది. దాని ఎదురుగా బడ్డీకొట్టులో ఖైనీ పొట్లాలు దండల్లా వేలాడుతున్నాయి. చట్టానికి నిండు మార్కులే, మా వీధికి మాత్రం సున్నా.

దాతలకు మా మనవి ఒక్కటే. మీరు సాయం చేసే బడిలో గదులు, బల్లలు చూస్తారు కదా, గేటు నుండి 100 గజాలు కూడా నడిచి చూడండి. కొట్లు లెక్కించి రాసి పెట్టండి. వచ్చే ఏడు మళ్ళీ లెక్కించండి. ఆ కొట్టు నడిపేది మన పేద కుటుంబమే కావచ్చు. వారిని నిందించకుండా, వేరే సరుకు పెట్టుకోవడానికి చేయూతనిద్దాం.

ఇన్షా అల్లాహ్, వచ్చే సంచికలో ఆ రెండు లెక్కలూ పక్కపక్కన అచ్చు వేద్దాం.